మేస్త్రికి తెలియని మాటలు

మంగళవారం పొద్దున పదకొండు గంటల ఐదు నిమిషాలకు హాలియాలో మా వియ్యంకుల గడప ముందు చెప్పులు విడిచాం. ఐదు నిమిషాలని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, గడియారం చదవడం అప్పటికి నాకు కొత్త. కనిపించిన ప్రతి గడియారాన్నీ చదివేదాన్ని. వాళ్ళ వరండా గోడకు ఒకటి ఉంది. పెద్ద ముల్లు ఒకటి మీద ఉంది. ఒకటి మీద ఉంటే ఐదు నిమిషాలు ఎలా అవుతుందో నాకు చెప్పిన పిల్ల ఆ ఇంట్లోనే, లోపలి అర్రలో, మాకు ముఖం చూపించకుండా కూర్చుని ఉంది.

ఆ పిల్ల నా మనవడి భార్య. రెండు నెలల కింద తల్లిదండ్రులతో కలిసి మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మనిషిని పంపితే జవాబు రాలేదు. ఆమెను తీసుకుపోవడానికి నేను, నా కొడుకు, కోడలు, మనవడు నలుగురం వచ్చాం. వస్తుందా, రాదా? ఆ రోజు తేలవలసింది ఆ ఒక్క సంగతే.

మంగళవారం ఇలాంటి పనికి ఎవరూ బయలుదేరరు. బస్సు ఎక్కేదాకా నా కోడలు ఆ మాట అంటూనే ఉంది. కానీ నా మనవడు పనిచేసే బండ్ల షెడ్డుకు మంగళవారమే సెలవు. ఆ రెండు నెలల్లో వాడు సగం అయ్యాడు. వారం చూసుకుంటూ కూర్చుంటే మనిషే మిగలడని నేనే బయలుదేరదీశాను. మా ఊరు పాలమూరు వైపు, కల్వకుర్తి దగ్గర. అక్కడ ఒక బస్సు, దేవరకొండలో ఇంకో బస్సు. ఎర్ర చెలకలన్నీ దాటి హాలియా దగ్గరికి వచ్చేసరికి కాలువ కింద పచ్చటి వరి. ఆ కాలువ కట్ట చూడగానే నాకు ఎక్కడో చూసినట్టనిపించింది. నేను పడుచుదానిగా ఉన్నప్పుడు మట్టి మోసిన కాలువల్లో అదీ ఒకటేమో తెలియదు. లారీ ఎక్కించేవాళ్ళు, దించేవాళ్ళు. ఊరి పేరు బోర్డు మీద రాసి ఉన్నా నాకు అది ఉత్త రేకే.

ఆ పిల్ల ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పాలంటే ముందు మా ఇంటి మాటల గురించి చెప్పాలి.

పెళ్ళయిన ఏడాదికే నేను మా ఆయనతో మట్టిపనికి పోయాను. మా ఇంటివాళ్ళం, దగ్గరి చుట్టాలం కలిపి పదకొండు మందిమి ఒక గుంపు. ఆయన తవ్వితే నేను తట్టలో ఎత్తుకుని కట్ట మీద పోసేదాన్ని. పైన మేస్త్రి నిలబడి ఉండేవాడు. ఆయన చెవి చాలా పదును. మా బాధలు మేం మామూలు తెలుగులో చెప్పుకుంటే వచ్చి నిలబడేవాడు. అందుకని మా ఆయన కొన్ని మాటలు పుట్టించాడు. వాటికి తల లేదు, తోక లేదు. నోటికి ఏదొస్తే అది. 'గిర్రాంబు' అంటే మేస్త్రి వస్తున్నాడు, చేతులు ఆడించండి అని. 'డుబుకు' అంటే ఆయన అటు తిరిగాడు, తట్ట దించి జర నడుము నిలబెట్టుకో అని. 'పిసరకాయ' అంటే చెట్టు కింద ఉయ్యాలలో పిల్ల లేచింది, తల్లి పోవాలి అని. 'చిప్పిడం' అంటే కుండలో తక్కువుంది, మన ఇంటివాళ్ళు తగ్గించుకుని తినాలి అని.

ఇలాంటివి ఇంకా పది దాకా ఉన్నాయి. మట్టిపని పోయింది, మేస్త్రి పోయాడు, మా ఆయనా పోయాడు. మాటలు మాత్రం ఇంట్లో ఉండిపోయాయి. మాటలతో పాటు ఒక పద్ధతి కూడా ఉండిపోయింది. వాటి అర్థం ఎవరికీ విడమర్చి చెప్పకూడదు. పక్కన నిలబడి పని చేసేవాళ్ళకు వాటంతట అవే తెలియాలి. నా కోడలు అట్లాగే నేర్చుకుంది. ఏడాదిన్నర పట్టిందామెకు. ఇల్లు ఊడ్చినట్టు, అన్నం వార్చినట్టు ఇదీ ఒక పని అనుకున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా నేను చెప్పేదాన్ని కాదు.

మనవడి భార్య వచ్చింది. వచ్చిన నెలకే నేను రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి ఇంటికొచ్చి వేలు తుడుచుకుంటుంటే చూసింది.

"అవ్వా, నీకు సంతకం నేర్పనా?"

"నాకెందుకే? నేనేమన్న కలెక్టర్ కావాల్నా?"

"కావొద్దు తియ్యి. బస్సు మీద ఊరి పేరన్న సదువుకోవద్దా?"

మధ్యాహ్నం గిన్నెలు తోమిన తర్వాత రోజూ పలక పట్టుకుని కూర్చునేది. నేను మొండిదాన్ని. 'ఈ అక్షరానికి కొమ్మెందుకు? ఇది ఇట్లెందుకు వంకర తిరిగింది?' అని ప్రతిదానికీ అడ్డం పడేదాన్ని. అడిగినన్నిసార్లు చెప్పేది. విసుక్కోలేదు. గుణింతాలయ్యాయి, గడియారం అయ్యింది, వత్తులు మొదలుపెట్టాం.

మా ఇంట్లో ఉన్న ఆ ఎనిమిది నెలల్లో ఆమె కూడా నన్ను అడిగింది. "అవ్వా, అత్తమ్మ ఊకె డుబుకు డుబుకు అంటది. అంటే ఏంది?"

"నీకే తెలుస్తది," అన్నాను. ఎన్నిసార్లు అడిగినా నేనిచ్చిన జవాబు అదొక్కటే. నాకు అప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు.

రెండు నెలల కింద ఆమె తల్లిదండ్రులు యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని, తోవ కాకపోయినా బిడ్డను చూసిపోదామని మా ఇంటికి వచ్చారు. ప్రసాదం తెచ్చారు. ముందు చెప్పలేదు. సరిగ్గా మేం అన్నానికి కూర్చునే వేళకు వచ్చారు. ఐదుగురికి వండిన అన్నం. నా కోడలు కుండలోకి చూసి నెమ్మదిగా "చిప్పిడం" అంది. మాకు తెలుసు కదా, నా కొడుకు కడుపు నిండిందన్నాడు, మనవడు ఆకలి లేదన్నాడు. చుట్టాలకు సరిపోవాలి. అది మర్యాద.

ఆ పిల్ల అంతకు ముందు కూడా రెండు మూడుసార్లు ఇది చూసింది. ఎవరో చిప్పిడం అంటారు, వెంటనే అందరూ కడుపు నిండిందంటారు. ఆమె తెలివిగలది. తనంతట తాను అర్థం కట్టుకుంది. చిప్పిడం అంటే కడుపునిండా తినడమని. తాను ఈ ఇంటి మనిషి అయ్యానని తండ్రికి చూపించాలనుకుంది. పెద్ద గరిటెతో రెండుసార్లు ఆయన కంచంలో అన్నం వేసి, ముఖమంతా వెలిగిపోతూ, "బాపూ, మంచిగ చిప్పిడం కావాలె! ఇంకింత పెట్టుకో, చిప్పిడం!" అంది.

మొదట నా మనవడికి పొలమారింది. తర్వాత నా కొడుకు. నా కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. నాకు ఉన్నవి నాలుగు పళ్ళు, నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. నలుగురం నవ్వుతున్నాం, ముగ్గురు నవ్వడం లేదు.

"ఏమాయె బావా? మా పిల్ల ఏమన్నది?" అన్నాడు తండ్రి.

నా కొడుకు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"అవ్వా, తప్పన్ననా? ఏమన్న నేను?"

నేను కళ్ళు తుడుచుకుంటూ, "నీకే తెలుస్తది తియ్యి," అన్నాను.

ఆమె తండ్రి అన్నం ఉన్న కంచంలోనే చెయ్యి కడిగాడు. సాయంత్రం బస్సుకు ముగ్గురూ వెళ్ళిపోయారు. పలక కిటికీలో ఉండిపోయింది. వత్తుల దగ్గర నా చదువు ఆగింది.

ఇప్పుడు హాలియాలో వరండాలో కుర్చీలు వేశారు. నీళ్ళిచ్చారు. పిల్ల తల్లి చాయ్ పెడతానని లేస్తే తండ్రి ఆపాడు.

"చాయ్ తర్వాత. ముందు గా మాటకు అర్థం చెప్పుర్రి. రెండు నెలలాయె, నా బిడ్డ గదే అడుగుతాంది. మా నోట్ల అన్నం ఉండంగ ఎందుకు నవ్విన్రు?"

నా కొడుకు, "అది ఉత్త మాట బావా. ఏం లేదండ్ల," అన్నాడు.

"ఏం లేనిదానికి నలుగురు పడి పడి నవ్విన్రా?"

నా కోడలు ఉండబట్టలేక, "ఏం లేదన్నా, కుండల అన్నం తక్కువుందని మేమట్ల అనుకుంటం," అంది. అనగానే నాలుక కరుచుకుంది.

ఆయన ముఖం మారింది. "అట్లనా! మేం తింటే మీకు తక్కువైతదనా? చుట్టాలొస్తే మెతుకులు లెక్కబెడతరా?"

"మీకు కాదన్నా! మేం తినొద్దని!"

"మీరు తినొద్దనుకుంట మాకు పెడితిరా? గంత కష్టపడి ఎవడు పెట్టుమన్నడు?"

చెప్పకపోతే ఒక తంటా. చెబితే ఇంకో తంటా. నిజం చెబితే అంతా చక్కబడుతుందనుకుని వచ్చానా, నిజం చెప్పగానే ఇంకా పాడైంది.

అప్పుడు అర్రలోంచి ఆ పిల్ల బయటికి వచ్చింది. చిక్కిపోయింది. మనవడి వైపు చూడలేదు. మా కోడలి ముందు నిలబడింది.

"చిప్పిడం సంగతి ఇడువుర్రి. గిర్రాంబు అంటే ఏంది అత్తమ్మా? నేను అర్రల అడుగు పెట్టంగనే నువ్వు గిర్రాంబు అంటవ్. అందరు సప్పుడు బంద్ జేస్తరు. ఎనిమిది నెలలు చూసిన. గదేందో చెప్పు."

కోడలు తల వంచుకుంది. నా కొడుకు, "జల్ది చెయ్యమని," అన్నాడు. మనవడు అదే సమయానికి, "సప్పుడు చెయ్యొద్దని," అన్నాడు. కోడలు చిన్నగా, "దాచిపెట్టుమని," అంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ముగ్గురి ముఖాలూ చూశాను. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఒకే మాట అంటున్నాం. ముగ్గురికీ మూడు అర్థాలు. నేను గిర్రాంబు అంటే నా కొడుకు ఉరుకుతాడు, కోడలు ఏదో ఒకటి చీర చాటున పెడుతుంది, మనవడు నోరు మూస్తాడు. అందరికీ తెలుసనుకున్నాను. మేం కాపాడుకుంటూ వచ్చిందేమిటో మాకే తెలియదని ఆ వరండాలో నాకు అర్థమైంది.

"నువ్వు చెప్పవ్వా," అంది పిల్ల. "నువ్వు చెప్తనే నమ్ముత."

"మేస్త్రి వస్తుండు అని," అన్నాను.

"ఏ మేస్త్రి?"

అప్పుడు చెప్పాను. నేను ఎవరికీ చెప్పని సంగతి. మా గుంపులోకి కొత్తగా మా ఆడబిడ్డ మొగుడు వచ్చాడు. మాటల అర్థం అడిగితే మా ఆయన కూర్చోబెట్టి అన్నీ విడమర్చి చెప్పాడు. రెండు రోజుల్లో అవన్నీ మేస్త్రి చెవిన పడ్డాయి. నేను పచ్చి బాలింతను. చెట్టు కింద పిల్లవాడు లేచి ఏడుస్తున్నాడు. మా తోటికోడలు 'పిసరకాయ' అని కేకేసింది. నేను తట్ట దించబోయాను. మేస్త్రి కట్ట మీది నుంచి, "పిసరకాయనా? యాడికి పోతది కాయ, పొద్దుగూకినంక తెంపుకో," అని నవ్వాడు. పొద్దు గూకేదాకా మోయించాడు. రవిక తడిసి కారుతుంటే మోశాను. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు. ఆ రోజు మా ఆయన అన్నాడు, ఇక ఏ మేస్త్రి కింద పని చేసినా ఈ మాటలు ఎవరికీ చెప్పేది లేదు, అడిగినవాడికి అసలే చెప్పేది లేదు అని.

నా కొడుకు నేల వైపు చూస్తున్నాడు. "గా పిల్లగాడు నేనేనా అమ్మా?" అన్నాడు.

"నువ్వే."

"నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వడిగినవా?"

"అడుగుతె చెప్పొద్దని నువ్వే అంటివి గదనే!"

వాడన్నది నిజమే. నాకు ఎటూ తోచక చేతిలోని గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకున్నాను.

పిల్ల నా ముందుకు వచ్చి కింద కూర్చుంది, పలక ముందర కూర్చున్నట్టు. "అయితే నేను రాంగనే గిర్రాంబు అన్నరంటే, నేను మేస్త్రినా అవ్వా?"

కాదని చెప్పవచ్చు. ఉత్త అలవాటని చెప్పవచ్చు. కానీ ఆమె అర్రలోకి వచ్చినప్పుడు మేం ఏం మాట్లాడుతూ ఉండేవాళ్ళమో నాకు తెలుసు కదా. ఒక్కోసారి ఆమె కూరలో ఉప్పు గురించే. ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు, అయినా ఆగిపోయేవాళ్ళం.

"అవును," అన్నాను. "నిన్ను మేస్త్రిని జేసినం. నువ్వు అడిగినవు గదా, అందుకు. అడిగేటోళ్ళంటే మాకు భయం. నువ్వు నాకు అ ఆ నుంచి అన్ని విప్పి చెప్తివి. నేను నీకు ఒక్క మాట చెప్పకపోతిని. నాది తప్పే."

నేను ఇంకా ఏదో అడుగుతుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అన్ని రాయి. నువ్వే రాయి, నేర్పిన గదా. అర్థం గూడ రాయి."

రాశాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. మాట రాసేదాన్ని, అర్థం దగ్గర పెన్ను ఆగేది. కొడుకు ఒకటి అనేవాడు, కోడలు కాదనేది. 'డుబుకు' అంటే తట్ట దించి నడుము నిలబెట్టుకొమ్మని నేను రాస్తే, "ఇన్నొద్దులు నేను నడుము నొస్తుందా అని అడుగుతున్న అనుకున్న," అంది కోడలు. కోడలు డుబుకు అన్నప్పుడల్లా తనను మొద్దూ అని తిడుతోందనుకుని ఆ పిల్ల గిన్నెలు గట్టిగా తోమేదట. అది విని నా కోడలు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మాటలు పద్నాలుగయ్యాయి. నాలుగింటి పక్కన ఏమీ రాయలేకపోయాను. మా ఆయన ఉంటే చెప్పేవాడేమో. ఆయనకు కూడా తెలుసో లేదో, ఇప్పుడు నాకు అనుమానమే.

"మీకే తెల్వదు గదా!" అంది పిల్ల. మేం వచ్చాక మొదటిసారి నవ్వింది.

గోడ గడియారంలో ఒంటిగంట పది. మేం వస్తున్నట్టు వాళ్ళకు తెలియదు, ముగ్గురికే వండారు. పిల్ల వంటింట్లోకి పోయి కుండ మూత తీసింది. చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత గడప దగ్గరికి వచ్చి, మెల్లగా, నేల వైపు చూస్తూ, "చిప్పిడం," అంది.

ఎవరితో అందో తెలియలేదు. నిజంగా తెలియలేదు. చిప్పిడం అంటే ఇంటివాళ్ళు తగ్గాలి, చుట్టాలు తినాలి. ఆ పిల్లకు ఆ పూట ఇంటివాళ్ళెవరు? మేమా, వాళ్ళా? నేను ఆమె ముఖం చూశాను. ముఖంలో ఏమీ దొరకలేదు.

ముందు ఆమె తండ్రే అన్నాడు. పొద్దటి నుంచి మెతుకు ముట్టని మనిషి, కుర్చీలో వెనక్కి వాలి, "నాకు కడుపు నిండింది," అన్నాడు.

"మాకు గూడ నిండింది బావా," అన్నాడు నా కొడుకు వెంటనే.

"మీరు చుట్టాలు గదా? తినాలె!"

"చుట్టాలమా? పిల్ల మా ఇంటి పిల్ల, ఆమె అంటే మాకన్నట్టే!"

"నా ఇంట్ల కుండ అది!"

నా మనవడు ఆకలి లేదన్నాడు. పిల్ల తల్లి తనకు ఒక్కపొద్దన్నది, మంగళవారమట. నా కోడలు పళ్ళు నొస్తున్నాయన్నది. నేను ఊరికే ఉన్నాను. అందరూ ఆకలితో ఉన్నారు, అందరికీ కడుపు నిండింది, కుండలో అన్నం చల్లారుతోంది. ఎవరు ఇంటివాళ్ళో, ఎవరు చుట్టాలో తేలేదాకా తినే దారి లేదు. నాకు మా గుడిసెల ముందు పదకొండు మందిమి ఒకే కుండ చుట్టూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు కూడా ఇట్లాగే అందరికీ నిండేది. అన్నం మిగిలేది.

చివరికి పిల్లే గరిటె తీసుకుంది. ఎనిమిది కంచాలు పెట్టి, ఏడింట్లో రెండేసి ముద్దలు వేసి, తన కంచంలో వేసుకోవడం మరచిపోయింది. లెక్కలో నేనే పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్కబెట్టాను. ఏడుగురమే. ఒక కంచం ఎక్కువ పెట్టి అందులో అన్నం వేసింది, తనదాన్ని ఖాళీగా వదిలేసింది. ఎవరి కోసమని అడగలేదు. అడిగితే 'నీకే తెలుస్తది' అంటుందని భయమేసింది.

మూడున్నర బస్సుకు సంచీ పట్టుకుని వచ్చింది. నా పక్కన కూర్చుంది. క్షమించిందా అని నేను అడగలేదు. దేవరకొండ దాటాక, "వత్తులు ఇంక కాలే గదా నీకు," అంది. అంతే అంది.

నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. నాలుగు మాటల పక్కన ఖాళీ అట్లాగే ఉంది. ఇప్పుడు ఎవరైనా గిర్రాంబు అంటే ఆ పిల్లే అందరికంటే ముందు నవ్వుతుంది. అది మంచిదో కాదో, మాటకు పాత రుచి పోయిందో ఉందో, నాకు ఇంకా తెలియడం లేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది: నేను, ముసలిదాన్ని. నా కొడుకు, చెట్టు కింద ఏడ్చినవాడు. నా కోడలు, ఏడాదిన్నరకు మాటలు నేర్చినది. నా మనవడు. వాడి భార్య. ఆమె తండ్రి, కంచంలో చెయ్యి కడిగినవాడు. ఆమె తల్లి, ఒక్కపొద్దు మరచి రెండు ముద్దలూ తిన్నది. మేస్త్రి లేడు.